పంకా కింద

ఆ రోజుల్లో కొత్తగా జనానికి తెరిచిన ఒక జమీందారు మేడ చూసి, నందిగామలో జగ్గయ్యపేట బస్సెక్కాను. పక్కన కూర్చున్న ముసలాయన్ని మేడలోనూ చూశాను. నిలువుటద్దాలూ నగిషీ కుర్చీలూ వదిలేసి, హాలు మధ్యలో తలెత్తి చాలాసేపు నిలబడ్డాడు.

"అంతసేపు పైన ఏం చూశారండీ?" అన్నాను.

"ఆ గుడ్డ పంకానండి. పదహారేళ్ళు దాన్ని తాడు పట్టి లాగింది నేనే."

"మరి కొత్తగా చూసినట్టు చూశారే?"

"కొత్తేనండి. తాడు గోడ కన్నంలోంచి వసారాలోకొచ్చేది. అక్కడ కూర్చుని లాగేవోణ్ణి. లోపలికి మమ్మల్ని రానిచ్చేవోళ్ళు కాదు. దానికి ఎర్ర కుచ్చులున్నాయని ఇయ్యాలే తెలిసింది."

చిల్లకల్లు దగ్గర బస్సు ఆగిపోయింది. గాలాడక ఉక్కపోసింది. నేను చేతిలోని పేపరుతో విసురుకుంటుంటే ఆయనే మళ్ళీ అన్నాడు.

"గాలెట్టా ఉంటదో చూద్దామని కింద నిలబడ్డానండి. లాగేవోడేడీ?"

నా చేతిలోని పేపరు ఆయన వైపు తిప్పి విసరసాగాను.

"వద్దండి, చెయ్యి పీకుద్ది" అంటూనే కళ్ళు మూసుకున్నాడు.

ఇప్పటికీ ఏ పాత మేడ చూడ్డానికి వెళ్ళినా, ముందు గోడలో ఆ కన్నం కోసం వెతుకుతాను.