సార్ పడ్డాక జరిగింది

పోయిన సోమవారం పుంగనూరు నుంచి నా క్లాస్‌మేట్ ఫోన్ చేశాడు. "డ్రిల్ సార్ లేడప్పా. పొద్దున్నే కుప్పంలో కూతురింట్లో పోయినాడంట, కుర్చీలో పేపర్ సదువుతానే," అన్నాడు. మళ్ళీ, "టీవీలో పడతా ఉండె సూడు, ఆ సారు అంటేనే మా ఇంట్లో గుర్తుపట్టినారు," అన్నాడు. వాడు ఎగతాళిగా అనలేదు. సార్‌ను జనం అలా గుర్తు పెట్టుకోవడానికి కారణం నేను ఉద్యోగం చేసిన కంపెనీ.

తొంభైల మొదట్లో పుంగనూరు హైస్కూల్లో ఆయన మాకు డ్రిల్ సార్. పరుగు పందెం పెట్టిన రోజు ఇంటి నుంచి క్యారియర్ నిండా మజ్జిగ తెచ్చేవాడు. ఆఖరున వచ్చినవాడికి ముందు పోసేవాడు. "మొదట వచ్చినోనికి సప్పట్లు ఉండాయి. కడాకు వచ్చినోనికి ఏముండాదిరా?" అనేవాడు. ఆ బళ్ళో అందరికంటే ఎక్కువ మజ్జిగ తాగింది నేనే. ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, "నీకు కాళ్ళు లేవు గానీ కండ్లు ఉండాయి. ఆట సూసి చెప్పేది నేర్చుకో," అని మైకు చేతికిచ్చాడు. నా బతుకుదారి ఆ మైకుతోనే మొదలైంది.

తొంభైల చివర బెంగుళూరులో ఒక పెద్ద క్రీడల చానల్లో చేరాను. గోడల నిండా టీవీలు, ఎప్పుడూ చలిగా ఉండే ఎడిటింగ్ గదులు. కంపెనీ బొమ్మ ఉన్న టీషర్టు వేసుకుని ఊరికెళితే కుర్రాళ్ళు దాన్ని తాకి చూసేవారు. చిన్న ఊళ్ళ బడిపిల్లల ఆటల మీద ఏదైనా తీద్దామని ఆఫీసులో అనుకున్నప్పుడు, సార్ ఏటా మా బడిపిల్లల్ని తీసుకెళ్ళే మదనపల్లె పోటీల సంగతి నేనే చెప్పాను. కెమెరాను వెంటబెట్టుకుని వెళ్ళిందీ నేనే. సార్ గొప్పతనం దేశమంతా చూస్తుందని నా ఆశ.

ఆడపిల్లల దూరపు పరుగులో ఒక పిల్ల ముగింపు దగ్గర తూలింది. సార్ నీళ్ళ చెంబు పట్టుకుని మైదానానికి అడ్డంగా పరిగెత్తాడు. హద్దుకు కట్టిన తాడు కాలికి తగిలి బోర్లా పడ్డాడు. ఒక చెప్పు ఎగిరి ఎక్కడో పడింది. వెంటనే లేచి, ఒంటి చెప్పుతోనే వెళ్ళి, ఆ పిల్ల నేలకు ఒరిగేలోపు పట్టుకున్నాడు.

మేము తీసిన కార్యక్రమం రాలేదు. సార్ పడటం వరకు కత్తిరించి, డప్పు చప్పుడు జోడించి, నవ్వుల కార్యక్రమంలో వేశారు. అది ఏళ్ళ తరబడి వచ్చింది. సార్ రిటైరై కూతురి దగ్గరికి కుప్పం వెళితే అక్కడా కేబుల్ ఉంది. నేను మా పై అధికారితో, మిగతాది కూడా చూపిద్దామన్నాను. "పడటంలోనే నవ్వుంది. లేచాక ఏముంది?" అన్నాడాయన. ఆ మధ్యాహ్నం క్యాంటీన్లో ఆయన పక్కనే కూర్చుని భోంచేశాను.

ఒకరోజు సార్ చెప్పాపెట్టకుండా మా ఆఫీసుకు వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, చేతిలో నాకోసం తెచ్చిన చెనక్కాయల సంచి. మా అధికారి అటు వస్తూ ఆయన్ను గుర్తుపట్టి, అందర్నీ కేకేసి పిలిచి, భుజం మీద చెయ్యేసి ఫోటో తీయించుకున్నాడు. ఒక్కసారి పడి చూపిస్తారేమో అడగమని నవ్వుతూ ఇంగ్లీషులో నాతో అన్నాడు.

"ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతున్నారు సార్," అన్నాను.

"ఏమడిగినాడో తెలస్తా ఉండాది లేప్పా," అన్నాడు సార్, ఆయనకు దణ్ణం పెడుతూ.

ఆయన్ను ఎడిటింగ్ గదిలోకి తీసుకెళ్ళి పూర్తి టేపు వేశాను. తను పడినచోట సార్ కళ్ళు దించుకున్నాడు. తర్వాత ముందుకు వంగాడు. "ఆ పిల్ల నీళ్ళు తాగింది సూడు. తాగిందో లేదో నాకు ఇన్నాళ్ళూ గుర్తు రాలే," అన్నాడు. టేపు ఆగాక మెల్లగా, "ఇది ఏల ఎయ్యరప్పా?" అని అడిగాడు.

"టైము సరిపోదు సార్."

"అట్లనా," అన్నాడు. చెనక్కాయల సంచి నా చేతిలో పెట్టి లేచాడు.

తర్వాత కొన్నేళ్ళకు ఆ కార్యక్రమం చూసేవాళ్ళు తగ్గి, దానంతటదే ఆగిపోయింది. అందులో నా ప్రమేయం ఏమీ లేదు.

మొన్న పలకరించడానికి కుప్పం వెళితే, సార్ కూతురు కాఫీ ఇస్తూ అడిగింది. "మీ ఆఫీసుకు వచ్చిన పొద్దు నాయన నిన్ను అడిగినాడా అన్నా? బళ్ళో నా బిడ్డను ఏడిపిస్తా ఉండారని, టీవీలో ఆ బొమ్మ ఆపమని అడగనీకే వచ్చినాడు."

అడగలేదన్నాను.

"పని అయిందా అంటే, 'పిల్లోడు నన్ను బాగా సూసుకున్నాడు' అన్నాడు, అంతే," అంది.



సార్ ఆఫీసుకు వచ్చిన రోజు సాయంత్రం ఆయన్ను కుప్పం బండి ఎక్కించింది నేనే. కిటికీ పక్కన సీటు దొరికింది. "నీ ఉద్యోగానికి మాట రాకుండా సూసుకో," అన్నాడు ఊచల్లోంచి. బండి కదిలేముందు, ఎదురుగా కూర్చున్నతను సార్‌ను పరకాయించి చూసి, పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి, ఏదో అడిగాడు. సార్ అవునన్నట్టు తలూపాడు. సీట్లలో వాళ్ళందరూ నవ్వుతూ ఆయన వైపు తిరిగారు. నేను చూస్తున్నానని తెలిసి, ఆయన కూడా వాళ్ళతోపాటు నవ్వుతూ నాకు చెయ్యి ఊపాడు.