బడి మింగిన బండి

ఈ ఉదయం మా కడప ఆఫీసులో ఎవరో ఉగ్గాని పొట్లం విప్పారు. తడిసిన బొరుగుల మీద పోపు వాసన, పక్కనే మిరపకాయ బజ్జీల ఘాటు. అంతే, నా మనసు కర్నూలులో ఖాదర్ వలీ సార్ మేడమీది గదికి పోయి కూర్చుంది. నాకు మొదటి ఉద్యోగం ఇచ్చింది ఆయనే. అక్కడ పని మొదలయ్యేది ఉగ్గానితోనే. తినకుండా కూర్చుంటే కంప్యూటరు కూడా మాట వినదనేవారు.

అప్పుడు మేము బడిపిల్లల కోసం తెలుగు, ఉర్దూ, కన్నడ పదకోశం తయారుచేస్తున్నాం. పదాలు ఏ వరుసలో రావాలో, ఏ రెండింటిని ఒకటే అనుకోవాలో డేటాబేసుకు ముందే చెప్పాలి. దానికొక సెట్టింగు ఉంటుంది. సార్ మెత్తనిది ఎంచారు, చిన్నచిన్న గుర్తుల తేడాలు పట్టించుకోనిది. "పిల్లోళ్లు తప్పు రాసినా పదం దొరకాల గదమ్మా" అన్నారు. ఆయన మనసే అంత.

నేను "బండి" ఎక్కించబోతే, ఈ పదం ముందే ఉందంటూ డేటాబేసు తిప్పికొట్టింది. చూస్తే అక్కడున్నది "బడి". ఆ సెట్టింగుకు సున్న లెక్కలోకే రాదు! పరుగున పోయి సార్‌కు చెప్పాను.

"ఒగ సున్నకు ఇంత రచ్చేందిమ్మా? తర్వాత చూద్దాం పో" అని నవ్వేశారు. కొత్తగా చేరినదాన్ని కదా, మండిపోతూనే వెనక్కి వచ్చి మిగతా పదాలు ఎక్కించాను.

మర్నాడు పని అప్పగించిన ట్రస్టు పెద్దాయన చూడటానికి వచ్చారు. కోసిగి వైపు పల్లె మనిషి. "బండి" వెతకమన్నారు. తెర మీదికి బడి వచ్చింది.

"ఏమప్పా ఖాదరూ, బండి యాడ? మా పల్లెల్లో పిల్లోళ్లకు బడికన్నా ముందు బండే తెలుస్తాది. ఎవురు చేసినారు ఇది? ఈ కొత్త పిల్లేనా?"

మా నాయన మగ్గం మూలపడిన రోజులవి. ఇంటికి వచ్చే జీతం నాదొక్కటే. ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాను.

సార్ లేచి నిలబడ్డారు. "ఆ పాప కాదన్నా, తప్పు నాది. నిన్ననే చెప్పింది, నేనే వినలా. సరిచేసేది గూడా ఆ పాపే."

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని, పదాలు దాచేచోట గట్టి సెట్టింగు, వెతికేచోట మెత్తనిది పెట్టాం. "ఎతికేటప్పుడు చూసీచూడనట్టు పోవాల మా. రాసిపెట్టేటప్పుడు మాత్రం సున్న గూడా వదలగూడదు" అన్నారు సార్. ఇన్నేళ్లుగా ఆ మాటతోనే నెట్టుకొస్తున్నాను. ఆయన రుణం తీరేది కాదు.

సార్ ఇప్పుడు లేరు. ఉగ్గాని నోట్లో పెట్టుకోబోతుంటే, కొత్తగా చేరిన అమ్మాయి తలుపు దగ్గర నసుగుతూ నిలబడింది. "మేడం, శానా చిన్న విషయమే..."

పొట్లం పక్కకు జరిపి కుర్చీ లాగాను.

"కూచో మా. చిన్నదైతే ముందు అదే చెప్పు."