అవ్వ చేసిన మామిడిపండు ఐసు

నా చిన్నప్పుడు మా ఇంట్లో చల్లనిదంటే ఒకటే, వంటింటి మూల ఇసుకలో కూర్చోబెట్టిన మట్టికుండలో నీళ్ళు. ఫ్రిజ్ అనేది ఒకటి ఉంటుందని విన్నాం గానీ కంటితో చూసింది లేదు. మేముండేది పట్నం పక్కన తిరువొత్తియూరులో, రైలుకట్టకు ఇవతల ఒక పెంకుటింట్లో. మా నాయన రోజూ రైలెక్కి వెళ్ళి ఒక పప్పుల మండీలో పని చేసి, చీకటి పడ్డాక తిరిగొచ్చేవాడు. ఇంట్లో అమ్మ, నేను, నాకంటే నాలుగేళ్ళు చిన్నదైన మా చెల్లెలు. మా అందరి పైనా పెత్తనం మా అవ్వది, అంటే నాయనను కన్నతల్లిది. అలాంటి ఇంట్లోకి ఒక ఎండాకాలం మధ్యాహ్నం నిలువెత్తు సంబరంగా ఐసుగడ్డ వచ్చింది. ఆ రోజును తలుచుకుంటే ఈ వయసులోనూ నా కాలు ఒకచోట నిలవదు.

వచ్చిన కారణం మాత్రం సంబరపడేది కాదు. మా చెల్లెలికి గొంతులో గడ్డలు వాచి మాటిమాటికీ జ్వరం వస్తుంటే, సెలవుల్లో ఆస్పత్రికి తీసుకెళ్ళి టాన్సిల్స్ తీయించారు. ఆపరేషను చక్కగా జరిగింది. ఇంటికి వచ్చాకే అసలు చిక్కు మొదలైంది. పిల్ల నోరు తెరవదు. నీళ్ళు పోయబోతే పళ్ళు బిగిస్తుంది, పాలు పట్టబోతే మొహం గోడవైపు తిప్పుకుంటుంది. మింగితే నొప్పి పుడుతుందని దాని భయం. డాక్టరు గారేమో చల్లగా ఐస్‌క్రీము పెట్టండి, అది గొంతును హాయిగా ఉంచుతుంది అన్నారు. రేపు పొద్దుటికి కూడా ఏమీ మింగకపోతే మళ్ళీ తీసుకురండి, సూది గుచ్చి గ్లూకోజు ఎక్కించాల్సి వస్తుంది అని కూడా అన్నారు. ఆ సూది సంగతి విన్నప్పటి నుంచి చెల్లెలు ఇంకా గట్టిగా నోరు బిగించుకుంది. అందరం ఒకరి తర్వాత ఒకరం దాని చాప చుట్టూ చేరి తినమ్మా, తాగమ్మా అని బతిమాలాం. నేనైతే నా రిబ్బన్లన్నీ ఇచ్చేస్తానన్నాను. అది కళ్ళలో నీళ్ళు తిప్పుకుని తల అడ్డంగా ఊపిందే తప్ప పెదవి విప్పలేదు.

వీధిలో ఐస్‌క్రీము బండి గంట వినిపించగానే అమ్మ చెంగులో చిల్లర వెతుక్కుంటూ లేచింది. అవ్వ గడపకు అడ్డంగా నిలబడింది.

"దాంట్లో కోడిగుడ్డు కలుపుతారంట. అది నా ఇంట్లోకి రాకూడదు."

మా ఇంట్లో గుడ్డు ముట్టరు. అయినా సరే, అమ్మకు ఆ రోజు అవ్వ మీద పట్టరాని కోపం వచ్చింది. "డాక్టరే చెప్పినాడు గదా అత్తా. బిడ్డ నీళ్ళు గూడా మింగడం లేదు, నీకు మడి ముఖ్యమా?" అని ఏడ్చేసింది. అమ్మ అవ్వకు ఎదురు మాట్లాడటం నేను చూడటం అదే మొదలు. నేను అమ్మ పక్షమే. ఇంత మొండి మనిషి ఎవరి ఇంట్లోనూ ఉండదని నాకు నేనే తీర్మానించుకున్నాను.

అవ్వ మాత్రం గొంతు పెంచలేదు. "బండి ఐసు వద్దంటి గానీ, చల్లంది వద్దంటినా? నేను చేస్తా," అంది.

మేమంతా ఆమె మొహం చూశాం. అవ్వ పుట్టి బుద్ధెరిగి ఐసు ముక్క నోట్లో వేసుకున్న మనిషి కాదు. అయితే ఎప్పుడో ఒకసారి పట్నంలో మా బంధువుల ఇంటి పెళ్ళిలో, చెక్క బకెట్టులో ఐసూ ఉప్పూ పోసి మధ్యలో డబ్బాను గిరగిరా తిప్పి పాల ఐసు చేస్తుంటే చూసిందట. తినలేదు గానీ పెళ్ళి చూడటం మానేసి అదే చూస్తూ కూర్చుందట. బయట ఎక్కడికి వెళ్ళినా ఆమెకు అదే అలవాటు. తినకుండానే ఎలా చేశారో మొత్తం పట్టుకొచ్చేది.

ఇక చూడండి, మా ఇంట్లో హడావిడి! ఆదివారం కాబట్టి నాయన ఇంట్లోనే ఉన్నాడు. ఐసు కోసం ఆయన్ను సైకిలిచ్చి తరిమారు. మాధవరం నుంచి పాలు పోసే ఆయన దగ్గర తీసుకున్న గేదెపాలు పొద్దున్నే తోడుపెట్టి ఉన్నాయి. ఆ పెరుగు అప్పుడే తోడుకుని, పులుపు తగలకుండా తియ్యగా ఉంది. అవ్వ దాన్ని పల్చటి గుడ్డలో మూటగట్టి కిటికీ కమ్మీకి వేలాడదీసింది. నీరంతా బొట్లుబొట్లుగా కారిపోయి మూటలో గడ్డపెరుగు మిగిలింది. బాగా మాగిన బంగినపల్లి మామిడిపండ్లు కోసి, గుజ్జును వేళ్ళతో మెదిపి, చక్కెర కలిపి, పెరుగులో వేసి కవ్వంతో చిలికింది. టెంకలు నా చేతికొచ్చాయి. చెల్లెలి సంగతి మరిచిపోకుండానే మోచేతుల దాకా కార్చుకుంటూ చీకాను. ఎనిమిదేళ్ళ పిల్లకు దుఃఖం ఒక పక్క, మామిడి టెంక ఒక పక్క ఇస్తే రెండూ ఒకేసారి చేయగలదు.

నాయన ఐసుతో వచ్చాడు. చేపలవాళ్ళ గుడిసెలుండే కుప్పం పక్కనున్న ఐసు కంపెనీలో కొని, గోనెసంచిలో రంపపు పొట్టుతో చుట్టి, సైకిలు వెనక కట్టి, చెమటలు కక్కుకుంటూ తొక్కుకొచ్చాడు. సంచి విప్పితే పలక రాయంత గడ్డ, లోపల తెల్లటి పొగ పట్టినట్టు! నేను దాన్ని ముట్టుకుని కెవ్వున అరిచాను. మళ్ళీ ముట్టుకున్నాను. అవ్వకు మాత్రం అందులో వేరే సంగతి కనిపించింది. చేపలు పెట్టే చోటి నుంచి వచ్చిన వస్తువు ఇంట్లోకి ఎలా వస్తుంది? దాన్ని పెరట్లో బావి గట్టున పెట్టించి, పసుపు నీళ్ళు కలిపి చెంబులతో కుమ్మరించడం మొదలుపెట్టింది.

"ఐయో అమ్మా, ఐసును యాడన్నా కడుగుతారా? కరిగిపోతాది!" అని నాయన గగ్గోలు పెట్టాడు.

"కడక్కుండా ఎట్లా లోపలికి తెచ్చేది? నువ్వు గమ్మున ఉండు," అని అవ్వ ఇంకో చెంబు పోసింది.

శుద్ధి పూర్తయ్యేసరికి గడ్డ సగానికి సగం బావి గట్టు మీద పసుపు కాలువై పారిపోయింది. నాయన తల పట్టుకున్నాడు. మళ్ళీ వెళ్దామంటే కంపెనీ మూసేసే వేళ. ఇక ఉన్నదాంతోనే కావాలి. అవ్వ కూడా కొంచెం కంగారుపడింది. పెద్ద గిన్నె పక్కన పెట్టి, నాయన టిఫిను తీసుకెళ్ళే ఎవర్‌సిల్వర్ స్టీలు డబ్బాలోకి మామిడి పెరుగు పోసింది. మూత బిగించి, మూత చుట్టూ తడిపిన మైదాపిండి మెత్తి, పైన గుడ్డ కట్టింది. చెల్లెలు మింగాల్సిందంతా ఆ చిన్న డబ్బాలోనే ఉందన్నమాట.

బకెట్టు వంటింట్లో పెట్టబోతే అవ్వ వద్దంది. హాల్లో, చెల్లెలి చాప పక్కనే పెట్టించింది. ఎందుకని అమ్మ అడిగితే, "ఆడ గాలి రాదు," అంది. నాయన గోనెసంచిలో ఐసు వేసి రోకలితో దంచాడు. ఆ చప్పుడుకు గోడవైపు తిరిగి పడుకున్న చెల్లెలు ఇటు తిరిగింది. బకెట్టులో ఒక వరస ఐసు, దాని మీద గుప్పెళ్ళకొద్దీ కల్లుప్పు, మధ్యలో డబ్బా, చుట్టూ మళ్ళీ ఐసు, మళ్ళీ ఉప్పు. ఉప్పు వేస్తే ఐసు తొందరగా కరుగుతుంది కదా అని నేను గోల చేశాను. కరుగుతుంది గానీ, కరిగేటప్పుడు ఇంకా చల్లబడుతుందని నాయన చెప్పాడు. నేను నమ్మలేదు. బకెట్టు బయట మంచు పొడి పొడిగా పట్టడం కళ్ళారా చూశాక నమ్మాను.

డబ్బాను రెండు చేతులతో పట్టుకుని ఇటు ఒకసారి, అటు ఒకసారి తిప్పాలి. అవ్వ తిప్పింది, నాయన తిప్పాడు, కోపం మరిచిపోయి అమ్మ కూడా కొంగు దోపుకుని తిప్పింది. నా వంతు వచ్చేసరికి వేళ్ళు మొద్దుబారి నావి కావేమో అనిపించింది. అయినా వదల్లేదు. కాసేపటికి పిండి తీసి మూత తెరిచి చూస్తే అంతా నీళ్ళనీళ్ళగానే ఉంది. నా ప్రాణం ఉసూరుమంది. ఐసు ఇంకా కరిగిపోతోంది. అవ్వ మళ్ళీ పిండి మెత్తి, ఇంకో గుప్పెడు ఉప్పు చల్లి తిప్పసాగింది. ఈసారి డబ్బా లోపల బరబరమని చప్పుడు వచ్చింది. "గట్టిపడతా ఉంది, గట్టిపడతా ఉంది!" అని నేను హాలంతా గెంతాను. చెల్లెలు ఎప్పుడు లేచి కూర్చుందో ఎవరూ గమనించలేదు.

మూత తెరిచాం. అంచుల వెంట పసుపుపచ్చని మంచు పేరుకుని ఉంది! అవ్వ గరిటె కాడతో గీకి, మధ్యలోదాంతో కలిపి, మళ్ళీ మూసి, మళ్ళీ తిప్పి తీసింది. ఈసారి డబ్బా నిండా మామిడిపండు వెన్నముద్దలా నిలబడింది. మా ఇంట్లో, మా చేతులతో! అమ్మ ఆశగా స్పూను తీసుకుని చెల్లెలి వైపు తిరిగింది. చెల్లెలు వెంటనే పెదవులు బిగించేసింది. నా సంబరమంతా అక్కడే ఆగిపోయింది. ఇంత చేసినా ఇది తినదు, రేపు సూది తప్పదు అనుకున్నాను.

అవ్వ చెల్లెలి వైపు చూడనే లేదు. డబ్బాను పైకెత్తి, ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించింది. "ఉప్పునీళ్ళు లోపలికి దిగినాయేమో," అంది.

అమ్మ రుచి చూడబోతే చెయ్యి పట్టుకుంది. ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. వండినదేదైనా ముందు దేవుడి పటం ముందు పెట్టాలి, ఆ తర్వాతే మనుషుల నోటికి. అవ్వ తన జన్మలో వంట మధ్యలో రుచి చూసి ఎరగదు. ఉప్పు సరిపోయిందో లేదో వాసనతోనే పట్టేది. ఇది చల్లటిది, వాసన తెలియడం లేదంది. పసిపిల్లలు తింటే మాత్రం ఎంగిలి కాదని ఆమె లెక్క. నేనూ పసిపిల్లనే కదా అని ముందుకు దూకాను.

"నువ్వు టెంకలు చీకినావు. నోరంతా తీపి. నీకేం తెలుస్తాది మే?" అని నన్ను తోసేసింది. డబ్బాలోకి చూస్తూ తనలో తానే అనుకుంటున్నట్టు, "ఈ ఇంట్లో ఏమీ తినని నోరు ఒకటే ఉండాది. దానికేమో కుదరదు. సరి, పారబోస్తాం. ఉప్పుదాన్ని దేవుడికి ఎట్లా పెట్టేది?" అంది.

డబ్బా పట్టుకుని నిజంగానే లేచింది. చెల్లెలు అవ్వ చీర కుచ్చెళ్ళు పట్టుకుంది.

అవ్వ కూర్చుని స్పూను కొసన ఇంత, గింజంత తీసి పెట్టింది. చెల్లెలు నోరు తెరిచింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. గొంతు కదిలింది, కళ్ళ కొసల నుంచి నీళ్ళు జారాయి. అది కళ్ళు తెరిచి, పెద్దమనిషిలా కాసేపు ఆలోచించి, లేదన్నట్టు తల ఊపింది.

"ఈ పక్క లేదు సరే. అడుగున ఉంటే?" అంది అవ్వ.

అడుగున చూసింది. తర్వాత మధ్యలో చూసింది. మూతకు అంటుకున్నదీ రుచి చూసింది. అనుమానం తీరక అవ్వ మళ్ళీ మొదటి నుంచి అడిగింది. చెల్లెలికీ పనిలో శ్రద్ధ పెరిగింది. తీర్పు వచ్చేలోపు సగం డబ్బా ఖాళీ. అప్పుడు ఆస్పత్రి నుంచి వచ్చాక మొదటిసారిగా, బొంగురుపోయిన గొంతుతో మా చెల్లెలు మాట్లాడింది.

"చక్కెర చాల్లేదు."

అమ్మ ఏడుస్తూ నవ్వింది. నాయన నన్ను ఎత్తుకుని గిర్రున తిప్పాడు. మిగిలింది అవ్వ దేవుడికి పెట్టి అందరికీ తలా ఒక స్పూను పంచింది. నా స్పూను నాలుక మీద పడగానే కళ్ళ వెనక జివ్వుమంది. ఇంతకంటే గొప్ప రుచి లోకంలో ఉండదని ఆ క్షణం నాకు గట్టి నమ్మకం. అవ్వ తన వంతు నోట్లో వేసుకుని, పళ్ళు జివ్వుమనేసరికి బుగ్గ పట్టుకుని పడీపడీ నవ్వింది. మర్నాడు ఆస్పత్రికి వెళ్ళే పని పడలేదు.

సాయంత్రం అవ్వ గిన్నెలు తోముతుంటే పక్కన కూర్చుని అడిగాను, నిజంగా ఉప్పు దిగి ఉంటే ఏం చేసేదానివని. అంత పిండి మెత్తాక చీమ గూడా దూరదు అంది. మరి చెల్లెల్ని ఎందుకు అడిగావంటే, బూడిద చేతుల్తోనే నా తల తనవైపు తిప్పుకుని, "తిననోళ్ళని తిను తిను అంటే ఇంకా బిగుసుకుపోతారు మే. వాళ్ళకి ఏదన్నా పని పెట్టాల," అంది. మొండి మనిషి అనుకున్న మా అవ్వ మీద నాకు అప్పుడు పుట్టిన ప్రేమ ఇంతా అంతా కాదు.

ఇప్పుడు నా ఫ్రిజ్‌లో ఐసుకు కొదవ లేదు. మామిడిపండూ పెరుగూ మిక్సీలో తిప్పి డబ్బాలో పోసి పెడితే చాలు, మధ్యలో రెండుసార్లు ఫోర్కుతో కలుపుకోవడమే. పోయినేడు మా చెల్లెలి భర్త పోయాడు. అది అప్పటి నుంచి మాధవరంలో తన ఇంట్లో తలుపులు వేసుకుని కూర్చుంది. పిల్లలు పిలిచినా రాదు, ఎవరు క్యారియరు పట్టుకెళ్ళినా మూత తీయదు. నేనూ రెండుసార్లు వెళ్ళి, అదే పాత తప్పు చేస్తూ తినవే తినవే అని బతిమాలి తిరిగొచ్చాను. అప్పుడు అవ్వ మాట మనసులో మెదిలింది. మర్నాడు ఫోను చేసి, మా అపార్ట్‌మెంటు పిల్లలకు మామిడిపండు ఐసు చేస్తానని ఒప్పుకున్నాను, నాకేమో షుగరు, రుచి చూడటానికి లేదు, వచ్చి సాయం పట్టవే అన్నాను. మధ్యాహ్నానికి బస్సు దిగి వచ్చింది.

వచ్చీ రాగానే నా వంటిల్లు బాగా లేదని తిట్టి, కొంగు దోపుకుని మొత్తం తనే చేసింది. స్పూనుతో చూసింది, మళ్ళీ చూసింది. సాయంత్రం పిల్లలు వచ్చి అల్లరల్లరిగా డబ్బాలు ఖాళీ చేసి వెళ్ళాక, ఇద్దరం అన్నానికి కూర్చున్నాం. అది అన్నం కలుపుకుంటూ తలెత్తకుండా అంది, "నువ్వు నా వెనకాల రుచి చూసేసుంటావని నాకు తెలుసు అక్కా. అయినా నన్ను అడిగినావు గదా. ఈ ఏడాదిలో నాతో పనుందని పిలిచింది నువ్వొకదానివే."