సుధ స్కూటరు మళ్లీ ఫ్లైఓవర్ ఎక్కిన ఆదివారం

మా ఆవిడ సుధకి రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చింది. మాట, నడక తిరిగొచ్చాయి కానీ ఎడమచేతి పట్టు సగమే వచ్చింది. క్లచ్చు నొక్కలేక తన పాత గేర్ల స్కూటరుకి దూరమైంది. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉండి కంప్యూటర్ కోర్సులు చేసినప్పుడూ, తర్వాత పంజాగుట్ట ఆఫీసుకి వెళ్లినన్నాళ్లూ ఆ బండి తనే నడిపింది. పెళ్లయ్యాక నేను వెనక కూర్చునేవాణ్ణి. ఆ బండి తను మళ్లీ నడపాలని ఇంజను తీయించి మోటారు, బ్యాటరీ పెట్టించాం. ఇక క్లచ్చు లేదు, గేర్లు లేవు. కానీ యాక్సిలరేటరు కాస్త తిప్పితే బండి ముందుకు దూకేది, ఎత్తు వస్తే నీరసపడేది. మొదటిరోజే గేటుకి గుద్దుకుంది. సుధ తాళం నా చేతిలో పెట్టేసి మళ్లీ అడగలేదు. పొద్దున్నే బాల్కనీలోంచి బండిని చూస్తూ నిలబడడం మాత్రం మానలేదు.

మార్చిన బండితో ఇలాగే ఇబ్బంది పడుతున్నవాళ్లకి మా ప్రయాణం పనికొస్తుందేమో. బండి సెట్టింగులు సరిచేసే, అంటే ట్యూనింగు చేసే, మెకానిక్ కోసం ఆదివారం పొద్దున ఏడున్నరకి కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేటకి బయల్దేరాం. ఇద్దరి బరువుతో భరత్‌నగర్ వంతెన ఎక్కదని సుధ మెట్రోలో వెళ్లింది, నేను బండి మీద వెళ్లాను. వంతెన మీద సైకిలాయన నన్ను దాటిపోయాడు. ఎర్రగడ్డ రైతుబజారు దగ్గర కూరగాయల ఆటోల మధ్య ఇరుక్కుని, అమీర్‌పేట చేరేసరికి ఎనిమిదింపావు దాటింది. సుధ అప్పటికే ఇడ్లీ తినేసి, నాకో ప్లేటు కట్టించి ఉంచింది.

కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఆ మెకానిక్ యాదగిరి షాపు. వాళ్లది సిరిసిల్ల, నేత కుటుంబం. సీటు కింద ఉన్న కంట్రోలరుకి, అంటే మోటారుకి ఎంత కరెంటు వెళ్లాలో చూసే పెట్టెకి, లాప్‌టాప్ తగిలించి కాసేపు చూశాడు.

"మోటరు మంచిగనే ఉంది సార్. సెట్టింగే సక్కగ లేదు. ఇద్దరు కూసుంటరా, ఒక్కరేనా?"

"ఇద్దరం," అన్నాను.

"ఇద్దరికైతే కరెంటు మస్తు పెంచాలె. మోటరు గరమైతది, కదిలేటప్పుడు గింత జోరుగనే ఉంటది. ఒక్కరికైతే మెల్లగ కదిలేటట్టు, ఎత్తు సుత ఎక్కేటట్టు చేస్త." నా జవాబు కోసం ఆగకుండా సుధ వైపు తిరిగాడు. "నడిపేది మీరే గదా అక్కా, చెప్పున్రి."

సుధ నన్ను చూడలేదు. "ఒక్కరికే పెట్టు బాబూ," అంది.

రెండు గంటలు పట్టింది, పదిహేను వందలు తీసుకున్నాడు. సెట్టింగు మార్చిన ప్రతిసారీ సుధ సందు చివరిదాకా వెళ్లొచ్చేది. "ఇంకా దూకుతోంది," అంటే మళ్లీ తగ్గించేవాడు. నాలుగోసారి తను కాలు కింద పెట్టకుండానే మలుపు తిరిగొచ్చింది.

"పంజాగుట్ట దాకా వెళ్తానండీ. మీరు మెట్రోలో రండి," అంది.

ఒక్క స్టేషనే, రెండు నిమిషాలు. కిటికీలోంచి రోడ్డంతా వెతికాను, కనబడలేదు. స్టేషన్ మెట్ల కింద అరగంట నిలబడ్డాను. రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. చివరికి జనంలోంచి మెల్లగా వచ్చి నా ముందు ఆపింది.

"పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద బండి ఎక్కడా ఆగలేదండీ. అటునించి మా ఆఫీసు దాకా వెళ్లాను. అక్కడిప్పుడు బట్టల షాపుంది."

"ఏమైనా కొన్నావా?"

"లేదు. కాసేపు బయటే నిలబడ్డాను." ఎడమచెయ్యి రుద్దుకుంటూ అంది, "చెయ్యి నొప్పెడుతోంది. అయినా ఇంటికి నేనే తీసుకొస్తాను."

నేను మెట్రో ఎక్కాను. సుధ కోసమే బండి బాగుచేయిస్తున్నానని ఇన్నాళ్లూ అనుకున్నాను. నిజానికి నాకు కావలసింది ఆ వెనక సీటు. తన భుజం మీద చెయ్యి వేసుకుని, గాలికి సగం వినబడని ఆఫీసు కబుర్లకి ఊకొడుతూ వెళ్లడం. అది ఇక దొరకదు. అందుకు బాధ లేదని అనను. కానీ ఇప్పుడు తను పొద్దున్నే బాల్కనీలో నిలబడడం లేదు, కిందికి దిగి బండి తీస్తోంది.

మీరూ ట్యూనింగుకి వెళ్తుంటే బండి నడిపే మనిషిని వెంట తీసుకెళ్లండి, మెకానిక్ అడిగినదానికి ఆ మనిషినే జవాబు చెప్పనివ్వండి.