కళ్ళు మూసుకోండిరా

మా నాన్నగారు సత్తెనపల్లి దగ్గర ఒక ఊరి బడిలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పారు. పార్కిన్సన్స్ వచ్చాక చేతి వణుకు కన్నా, ఆ వణుకు ఎవరైనా చూస్తారేమోనన్న కంగారే ఆయన్ని ఎక్కువ బాధపెడుతోంది. మనుషులు వస్తే చాలు, లోపలి గదిలోకి వెళ్ళిపోతారు. మందులతో పాటు రోజూ పది నిమిషాలు ధ్యానం చేయమన్నారు డాక్టరుగారు.

ఈ రోజు పొద్దున ఆయన వరండాలో కళ్ళు మూసుకుని కూర్చుని ఉండగా, ఒకప్పటి శిష్యుడు ఏసుబాబు ఎండుమిరపకాయల సంచితో వచ్చాడు. అలికిడికి నాన్నగారు ఉలిక్కిపడ్డారు. వణికే చెయ్యి కండువా కింద దాచుకుని లేవబోయారు.

“లేవమాకండి సార్,” అన్నాడు ఏసుబాబు. “ధ్యానమా? మాకిది కొత్తేం కాదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక మేం గోల చేస్తుంటే, ‘కళ్ళు మూసుకుని మీ ఊపిరి మీరు వినండిరా’ అని కూర్చోబెట్టేవాళ్ళు గదండీ!”

నాన్నగారు నవ్వారు. ఆ నవ్వు చూసి ఎన్ని నెలలైందో!

యాభై దాటిన ఏసుబాబు ఆయన ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. నేనూ ఆ తరగతిలో చదివినదాన్నే కాబట్టి పక్కన చేరాను. సుద్దముక్కల వాసన, కిటికీ లోంచి కనిపించే పత్తి చేలు, అన్నీ గుర్తొచ్చాయి.

కాసేపటికి ఉండబట్టలేక ఒక కన్ను తెరిచి చూశాను. నాన్నగారి చెయ్యి వణుకుతూనే ఉంది. కండువా జారిపోయింది. ఆయన సర్దుకోలేదు. మొహం మాత్రం ప్రశాంతంగా ఉంది.

“ఎవర్రా కన్ను తెరిచింది?” అన్నారు, కళ్ళు తెరవకుండానే.

గభాల్న మూసుకున్నాను. మాస్టార్లకి ఇదెలా తెలుస్తుందో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.