తిట్లకు చేపే గేదె

పొద్దున లేవగానే పాలావిడ చేసే మొదటి పని మరిదిని తిట్టడం. గేదె పొదుగు కడిగి, చెంబు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, దాని డొక్కకు నుదురు ఆనించి మొదలుపెడుతుంది.

"దర్జీవట, దర్జీవి! అన్న కళ్ళు మూయగానే అన్న వాటాకి కూడా కత్తెర వేశావు కదరా!"

రేకుల గోడకు అవతల మరిది కుట్టుమిషను ఒక్కసారిగా వేగం అందుకుంటుంది. అదే అతని జవాబు.

వీధిలో వాళ్ళు ఇదంతా ఆవిడ నోటి దురద అనుకుంటారు. కొంత నిజమే. కానీ అసలు సంగతి గేదెది. దూడ చచ్చిపోయాక అది చేపడం మానేసింది. పొదుగు నిండా పాలు పెట్టుకుని కిందికి వదిలేది కాదు. ఆవిడ తవుడు పెట్టింది, గంగడోలు నిమిరింది, అమ్మా తల్లీ అని బతిమాలింది. చుక్క రాలలేదు. అలా తంటాలు పడుతున్న రోజునే మరిది ఉమ్మడి పెరట్లో రేకుల గోడ లేపడం మొదలుపెట్టాడు. ఆవిడ కూర్చున్న చోటి నుంచి కదలకుండా అతన్ని ఏకిపారేసింది. తిట్టు తారస్థాయికి చేరేసరికి చేతిలో చన్ను బిగిసింది, పాలు జుయ్యిమని చెంబులో పడ్డాయి. అప్పటి నుంచి తిడితేనే పాలు. ఊరికే పైపైన తిట్టినా ఆ గేదె ఒప్పుకోదు. గొంతులో అసలు కోపం ఉండాలి.

కోపానికి కరువేం లేదు. రెండు వాటాలకూ కలిపి మిగిలింది వీధి తలుపు ఒక్కటే. దాని గొళ్ళెం మీద కూడా తగువే. పగలు వచ్చిపోయేవాళ్ళు దర్జీ కోసమే కాబట్టి పగలు గొళ్ళెం పెట్టడం అతని పని అనీ, రాత్రి ఆవిడ పని అనీ పెద్దమనుషులు తేల్చారు.

ఒక ఉదయం పాలు పిండే ముందు గేదెను కడుగుదామని ఆవిడ కట్టు విప్పింది. అప్పుడే ఎవరో జాకెట్టు కొలతలిచ్చి వెళ్ళారు. తలుపు బార్లా ఉండిపోయింది. ఆవిడ చూసింది. నాలుగడుగులు వేసి మూస్తే సరిపోయేది. కానీ మూస్తే ఓడిపోయినట్టే. మరిది కూడా మిషను దగ్గర లేచి రేకుల మీదుగా తలెత్తాడు. తలుపును చూశాడు, విప్పి ఉన్న గేదెను చూశాడు, మళ్ళీ తల దించుకున్నాడు.

"వాడి పని, వాడే చూసుకుంటాడు" అనుకుని ఆవిడ కుడితి కలపడానికి లోపలికి వెళ్ళింది. బాల్చీతో తిరిగొచ్చేసరికి గుంజ ఉంది, గేదె లేదు.

సంత వీధి మలుపులో కూరల బండివాడు ఖాళీ గోనె పట్టుకుని లబలబలాడుతున్నాడు. "నీ గేదేనా అమ్మా? ఆకుకూరంతా మేసి, పోతూ పోతూ తోకతో నా మొహాన కొట్టి పోయింది!"

"నాది కాదు" అంది ఆవిడ. "ఎటు పోయింది?"

అటు పోయి, ఇటు పోయి, వీధి వీధీ గాలించి, చివరికి కార్లు కడిగే షెడ్డు దగ్గర ఆగింది. రెండు కార్ల మధ్య గేదె వరసలో నిలబడి ఉంది. ఒంటినిండా సబ్బు నురగ. గొట్టంలోంచి నీళ్ళు వీపు మీద పడుతుంటే సగం కళ్ళు మూసుకుని నెమరు వేస్తోంది. తను ఊరంతా పరుగులు పెడుతుంటే దీనికి స్నానాలు! ఆవిడకు ఒళ్ళు మండింది. కానీ అంతకంటే ముందు వెళ్ళి దాని కొమ్ము పట్టుకుంది.

"నా గేదె. తోలుకుపోతాను."

షెడ్డు యజమాని గొట్టం పక్కన పడేసి అడ్డంగా నిలబడ్డాడు. "నీదని దాని నుదుటి మీద రాసుందా?"

"పాలు అమ్ముకుని బతికేదాన్ని. ఊళ్ళో ఎవర్నయినా అడుగు."

"అదే చెబుతున్నా. నీ గేదె పాలిస్తుంది. ఇది వట్టిపోయింది. మా ఆవిడ ఇందాకట్నుంచీ దువ్వి దువ్వి పిండింది, చుక్క పడలేదు. కోతకు కొనే బేరగాడికి కబురు పెట్టాను. బండి వస్తోంది."

ఆవిడ పక్కనున్న మగ్గు లాక్కుని గేదె కింద కూర్చుంది. దర్జీవట, దర్జీవి అని మొదలుపెట్టింది. గొంతులో కోపం లేదు, భయమే ఉంది. గేదె తోక కూడా ఆడించలేదు.

"చూశావా?" అని యజమాని నవ్వాడు. వీధి చివర బండి హారను మోగింది.

అదే సమయానికి మెడలో టేపుతో, రొప్పుకుంటూ మరిది వచ్చాడు.

"ఇదిగో, నువ్వు చెప్పవయ్యా" అన్నాడు యజమాని. "ఈ గేదె ఈవిడదేనా?"

మరిది గేదె చుట్టూ ఒకసారి తిరిగాడు. "ఏమో. గేదెలన్నీ నల్లగానే ఉంటాయి" అన్నాడు. తర్వాత వదిన వైపు తిరిగి, "గొళ్ళెం నేను మర్చిపోయానని మాత్రం ఊళ్ళో చెప్పకు వదినా" అన్నాడు.

ఆవిడ చెవుల్లోంచి పొగలొచ్చాయి. "ఒరే కొలత తప్పినోడా! నా చేత్తో అన్నం తిని పెరిగావు కదరా! గుండీలు కుట్టే చేతులతో నా నోట్లో మట్టి కొడతావా? నీ మిషను విరగ, నీ సూది తుప్పు పట్ట!"

గేదె కళ్ళు తెరిచింది. కాళ్ళు కాస్త ఎడం చేసి నిలబడింది. మగ్గులో జుయ్యిమని చప్పుడైంది. తిట్టు ఆగలేదు, ధారా ఆగలేదు. మగ్గు నిండి నురగ పొంగి నేల మీదున్న సబ్బు నురగలో కలిసింది. కార్ల వాళ్ళు పడీ పడీ నవ్వారు. యజమాని నవ్వలేదు. పాలు చూశాడు, ఆవిడ నోరు చూశాడు, పక్కకు తప్పుకున్నాడు.

దారిలో మరిది అన్నాడు: "కావాలనే అన్నాను వదినా. రోజూ వింటున్నవాణ్ణి, నీకు కోపం రాకపోతే అది చేపదని నాకు తెలీదా?"

"చాల్లే. అంత తెలివే ఉంటే జాకెట్లు అలా కుడతావా?"

"నా వల్లే కదా దొరికింది!"

"నీ వల్లే కదరా పోయింది!"

ఇద్దరూ వీధికి చెరో పక్కన నడిచి ఇల్లు చేరారు. లోపలికి వచ్చాక గొళ్ళెం ఎవరు పెట్టాలో తేలక గేదె చాలాసేపు వాకిట్లోనే నిలబడింది.

ఇప్పుడు వీధి తలుపుకు రెండు గొళ్ళేలున్నాయి. మరిది ఇంట్లోకి పాలు పక్క వీధి నుంచి వస్తాయి.