ప్లాస్టిక్ గడ్డికి ఒండ్రుమట్టి

నా జీవితంలో ఘనకార్యాలు చాలానే చేశాను గానీ, ఒక పాస్టరుగారిని, ముగ్గురు సంఘపెద్దలను, పద్నాలుగు ప్లాస్టిక్ కుర్చీలను ఒకే ప్రార్థనలో భూమిలోకి దించినది మాత్రం ఒక్కసారే. ఆ కథ చెబుతాను. నవ్వండి, నేనేమీ అనుకోను. అనుకునే దశ ఎప్పుడో దాటిపోయింది.

ఐదేళ్ల కిందటి మాట. మదనపల్లెలో నర్సు ఉద్యోగం, పుంగనూరులో కాపురం, అన్నీ నాకే తెలుసనుకునే వయసు. మా చర్చి ఆడవాళ్ల త్రోబాల్ జట్టుకు కెప్టెన్ని కూడా. ఏటా కుప్పం వెళ్లడం, అక్కడి జట్టు చేతిలో ఓడిపోవడం, వాళ్లు పెట్టిన బిర్యానీ తిని బస్సెక్కడం మాకు ఆనవాయితీ. ఆ ఏడు మేం ఆడుకునే ఖాళీ జాగాలో ఎవరో పునాదులు తీశారు. పోటీకి నెలే ఉంది. "ఇంగ సాలక్కా, జట్టు ఎత్తేద్దాం" అంది గ్రేసు, మా జట్టులో అందరికన్నా పొడుగు పిల్ల. ఆ జట్టంటే నాకు ప్రాణం.

"ఎత్తేసేది యాల? మా పెరట్లో పచ్చగడ్డి కోర్టు ఏయిస్తా, సూడండి" అనేశాను.

ప్లాస్టిక్ గడ్డి పరిచే మేస్త్రీ వచ్చి పెరడంతా కొలిచాడు. "కింద గరుసు పోసి, దానిపైన సన్న కంకర పరిచి, రోలర్ తిప్పాల మేడం. నీళ్లు కిందికి దిగిపోవాల" అన్నాడు.

సరిగ్గా అప్పుడే నా బుర్ర పనిచేసింది. గడ్డికి గరుసేమిటండీ? గడ్డి అన్నాక మంచి మట్టి ఉండాలి. మా వైపు మంచి మట్టి అంటే చెరువు అడుగున తీసే ఒండ్రే. మా నాయన బతికినన్నాళ్లూ ఊళ్లో రైతుల చేలకు ఒండ్రు మోశాడు. మాకు సెంటు చేను లేదు, మా గుమ్మంలోకి తట్టెడు ఒండ్రు రాలేదు. అలాంటిది, రామసముద్రం వైపు నుంచి ఆరు ట్రాక్టర్ల ఒండ్రు నా పెరట్లో దిగుతుంటే కళ్లనీళ్లు ఆగలేదు. ఆ పూట ఈ జిల్లాలో నాకన్నా పెద్ద రైతు లేడు.

మా అత్త మరియమ్మ వయసంతా వరినాట్లలో గడిపిన మనిషి. పిడికెడు మట్టి తీసి పిసికి చూసింది.

"ఏమ్మా, ఇది వానకు ఉబ్బుతాది, ఎండకు నెర్రెలిస్తాది. దీంట్లో వరి నాటుతావా, బంతాట ఆడతావా?"

"గడ్డి బాగుండాల కదత్తా."

"ఆ గడ్డి ప్లాస్టిక్‌ది కదమ్మా!"

"అయితే? ప్లాస్టిక్‌దని మంచి మట్టి ఎయ్యకూడదా?"

మేస్త్రీ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "మీ ఇష్టం మేడం" అన్నాడు. పని తెలిసినవాడు ఆ మాట అన్నాడంటే అక్కడితో ఆగిపోవాలని నాకప్పటికి తెలియదు.

కోర్టు తయారైంది. రెండు రోజులు కుండపోత వాన. తెల్లారి చూస్తే పైన చుక్క బురద లేదు, గడ్డి మిలమిలా మెరుస్తోంది. వీధిలో అందరినీ పిలిచి చూపించాను. ఆ సాయంత్రమే కోర్టు మీద కుర్చీలు వేసి కృతజ్ఞత ప్రార్థన పెట్టాను. సంఘపెద్ద ఒకాయన ప్రార్థన ఎత్తుకున్నాడు. లోకంలోని దేశాలన్నీ అయ్యాయి, రాష్ట్రం అయింది, పుంగనూరులో ఇల్లిల్లూ అయింది. కళ్లు మూసుకున్న నాకు మెల్లగా కిందికి దిగుతున్నట్టు అనిపించింది. భక్తితో వినయం ఎక్కువై కుంగిపోతున్నానేమో అనుకున్నాను.

"ఆమెన్" అని కళ్లు తెరిచేసరికి అందరి మోకాళ్లూ గడ్డాల దగ్గరికొచ్చేశాయి. భారీ మనిషైన పాస్టరుగారి కుర్చీకి కాళ్లే కనిపించడం లేదు.

"సిస్టర్, మనం యాడికి పోతాండాము?" అన్నారాయన, ఎంతో శాంతంగా.

మా జట్టులో నర్సులం నలుగురం కలిసి, పేషెంటును లేపినట్టు "వన్, టూ, త్రీ" అని లేపాం. ఆయన వచ్చారు, కుర్చీ రాలేదు.

మట్టి తీయించి గరుసు పోయించడానికి వ్యవధి లేదు. ఆ రాత్రి సిగ్గుతో అన్నం కూడా తినలేదు. మర్నాడు జట్టంతా మొహాలు వేలాడేసుకుని గట్టున నిలబడితే, మా అత్త చీర ఎగ్గట్టి కోర్టులో దిగింది. మేం అడుగేస్తే చీలమండ దాకా దిగబడే చోట ఈ చివరి నుంచి ఆ చివరికి చకచకా నడిచేసింది.

"ఇట్లాంటి మడిలోనే కదమ్మా నా నడుము ఇరిగింది. కాలు ఈడ్సొద్దు. మడమ ముందు లేపాల, మోకాలు పైకెత్తాల. రాండి!"

ఆమె మా కోచ్ అయిపోయింది. ఎప్పుడూ బంతి ముట్టిన మనిషి కాదు. రెండు రోజులకో వాన, రోజూ ప్రాక్టీసు. "గ్రేసమ్మా, అది కాలా, గుంజా? ఎత్తు!" అని గట్టు మీద నుంచి కేకలు. పద్దెనిమిది రోజులు ఆ పరుపు లాంటి నేల మీద ఎగిరి ఎగిరి మా తొడలు రాళ్లయ్యాయి.

కుప్పంలో ఆడింది గట్టి నేల మీద. మొదటి బంతికే గ్రేసు ఎంత ఎత్తు లేచిందంటే, దిగుతుందో లేదోనని నాకు భయమేసింది. మా కాళ్లు మా మాట వినకుండా లేస్తున్నాయి. వరసగా రెండు సెట్లు కొట్టేశాం! కప్పు అందుకుని నేను పెట్టిన కేక గుడుపల్లె దాకా వినిపించి ఉంటుంది. అంత సంతోషం నా పెళ్లినాడు కూడా లేదు. అత్తకు మాత్రం చెప్పకండి.

మరుసటి ఆదివారం కుప్పం కెప్టెన్ మా ఇంటికొచ్చింది. కోర్టులో అడుగు పెట్టింది, దిగబడింది, కళ్లు పెద్దవి చేసింది.

"మీ గెలుపంతా ఈడ ఉండాదా! ఈ ప్లాను ఏ ఇంజనీరుది అక్కా?"

"నాదే" అన్నాను. వెనక నుంచి అత్త దగ్గింది.

కాబట్టి మీ అందరి సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. ఈ జన్మలో ఇంకెప్పుడూ ప్లాస్టిక్ గడ్డి కింద ఒండ్రుమట్టి పోయను గాక పోయను. పోయిన వారం కుప్పంలో దగ్గరుండి దింపించిన ఎనిమిది ట్రాక్టర్లు ఇందులోకి రావు. పాపం, వాళ్లు ఐదేళ్లుగా బతిమాలుతుంటే కాదనలేకపోయాను.